లంగరు జారితే లేపేదెవరు? బందరు రేవు నుంచి ప్రకాశం బ్యారేజీ దాకా

బందరు రేవు ఓడలకు ఎన్నడూ సుఖమైన మజిలీ కాదు. కృష్ణా పాయలు తెచ్చిపోసే ఒండ్రుతో తీరం పొడవునా సముద్రం మెరక వేసి ఉంటుంది. పెద్ద ఓడలు ఒడ్డుకు ఆనుకునే వీలు లేదు. మైళ్ల దూరంలో, ఏ కొండ చాటూ దీవి చాటూ లేని బయలు నీటిలో లంగరు దించుకుని, సరుకంతా చిన్న పడవల మీద చేరవేసుకోవాల్సిందే. 1605లో డచ్చివారు బందరులో వర్తక స్థావరం పెట్టినప్పుడూ, 1611లో ‘గ్లోబ్’ అనే ఓడలో ఇంగ్లీషు వర్తకులు నిజాంపట్నం మీదుగా ఇక్కడికి చేరినప్పుడూ పరిస్థితి ఇదే. గోల్కొండ రాజ్యానికి ముఖ్యమైన రేవు కావడంతో, కలంకారీ బట్టల కోసం, అద్దకాల కోసం ప్రపంచం నలుమూలల నుంచీ ఓడలు వచ్చేవి. వచ్చిన ప్రతి ఓడా తన రాత్రులను ఒక ఇనుప కొక్కేనికీ దాని మోకుకూ అప్పగించి గడపాల్సి వచ్చేది.

లంగరు ఓడను పట్టి ఉంచేది బరువుతో కంటే ఎక్కువగా కోణంతో. మోకు బారుగా వదిలితే లాగుడు నేలకు దాదాపు సమాంతరంగా పడి, లంగరు కొన మరింత లోతుకు దిగబడుతుంది. మోకు పొట్టిదైతే లాగుడు పైకి పడి, దిగిన కొన ఊడి వస్తుంది. అందుకే నీటి లోతుకు 5 నుంచి 7 రెట్లు మోకు వదలాలని నావికులు లెక్క పెట్టుకున్నారు. గొలుసైతే దాని బరువే లాగుడును కిందికి వంచుతుంది కనుక కొంత తక్కువైనా సరిపోతుంది. గట్టి బంకమట్టిలో లంగరు బాగా పట్టుతుంది. నదీముఖాల దగ్గర కొత్తగా పేరుకున్న మెత్తటి బురదలో మాత్రం గాలి ఒక హద్దు దాటగానే నెమ్మదిగా దున్నుకుంటూ పోతుంది. చిక్కంతా ఇక్కడే. బురదలో జారే లంగరు పెద్దగా చప్పుడు చేయదు. లోపల పడుకున్నవారికి అదే గాలి హోరు, అదే ఊగిసలాట. చుట్టూ చీకటి. ఓడ కదిలిపోతోందని తెలిసేది చాలాసార్లు అడుగుభాగం మెరక తాకినప్పుడే.

అలారం యంత్రాలు లేని రోజుల్లో అలారం మనిషే. లంగరు వేసిన ఓడలోనూ వంతులవారీ కాపలా తప్పేది కాదు. అరగంటకు ఒకసారి ఇసుక గడియారం తిరగేసి గంట కొట్టడం ఐరోపా ఓడల ఆచారం. ఆ గంటలో కాలం లెక్కతో పాటు మరో కబురూ ఉంది. కాపలావాడు మేలుకునే ఉన్నాడని అది ఓడంతటికీ చెప్పేది. గంట మోగాల్సిన వేళకు మోగకపోతే అదే ప్రమాద సూచన. లంగరు కాపలావాడికి మరికొన్ని పనులుండేవి. ఒడ్డున కనిపించే రెండు గుర్తులను దిక్సూచితో చూసి పెట్టుకుని, మళ్లీ మళ్లీ సరిచూసుకోవాలి. ఆ గుర్తుల దిక్కు మారితే ఓడ కదిలినట్టు. అయితే బందరు తీరం బల్లపరుపు నేల. కోట జెండాకర్రను, నాలుగు తాటిచెట్లను మించి గుర్తులు దొరకవు, రాత్రయితే అవీ ఉండవు.

అలాంటి చోట పనికొచ్చేది సీసపు గుండు కట్టిన తాడు. గుండును నేలకు ఆనేలా దించి, తాడును కొంచెం వదులుగా ఓడ పక్కకు కట్టి ఉంచుతారు. ఓడ నిలకడగా ఉన్నంతసేపూ తాడు వదులుగానే వేలాడుతుంది. లంగరు జారి ఓడ వెనక్కి పోతే గుండు ఉన్నచోటే ఉండిపోయి, తాడు ముందుకు బిగుసుకుంటుంది. కళ్లు కనిపించని చీకట్లో కూడా చేత్తో తడిమి తెలుసుకోవచ్చు. అనుభవజ్ఞులైన సరంగులు లంగరు మోకు మీదే అరచెయ్యి ఆనించి చూసేవారు. పట్టు నిలిచిన మోకు అలతో పాటు బిగిసి వదులవుతుంది. జారుతున్న లంగరు మోకును చిన్నగా అదిరిస్తూ, గతుకుల మీద లాగినట్టు కుదుపుతుంది. ఇన్ని ఉపాయాలున్నా అన్నీ ఒక్క షరతు మీదే నడుస్తాయి: ఆ తాడు పట్టుకున్న మనిషి మేలుకుని ఉండాలి.

డెల్టా లోపల మాత్రం ఈ దిగులు లేని పడవల లోకం ఒకటి పుట్టింది. సర్ ఆర్థర్ కాటన్ ప్రోద్బలంతో, చార్లెస్ ఓర్ పర్యవేక్షణలో 1855 నాటికి బెజవాడ దగ్గర కృష్ణకు ఆనకట్ట పూర్తయింది. ఏలూరు కాలువ, బందరు కాలువ, కొమ్మమూరు కాలువ సాగునీటితో పాటు రహదారులు కూడా అయ్యాయి. ఏలూరు కాలువ ద్వారా గోదావరి కాలువల్లోకి, కొమ్మమూరు కాలువ నుంచి బకింగ్‌హాం కాలువ మీదుగా మద్రాసు దాకా పడవ ప్రయాణం సాగేది. లాకుల దగ్గర నీటిమట్టాన్ని మనుషులే పెంచి తగ్గించేవారు. రాత్రి పడవను గట్టున గుంజకు కట్టేస్తే తెల్లారేదాకా అక్కడే ఉండేది. వడ్లు, ఉప్పు నింపుకున్న పడవలో సరంగు నిశ్చింతగా నిద్రపోగలిగేవాడు. నీటి మీద నిర్భయమైన నిద్ర ఈ ప్రాంతానికి ఆనకట్ట ఇచ్చిన వరాల్లో ఒకటి. దాన్ని గురించి ఎవరూ అంతగా రాయలేదు. అయితే ఆ నిశ్చింత లాకుల లోపలి నీటికే. కాలువ చివరన సముద్రపు మొగ దగ్గర పాత భయం అలాగే ఉంది.

1864 నవంబర్ 1 రాత్రి ఆ భయం బందరు మీద విరుచుకుపడింది. మామూలు పోటు మట్టం కంటే సుమారు 13 అడుగులు ఎత్తున ఉప్పెన ఊరి మీదికి వచ్చింది. కొన్నిచోట్ల నీరు 17 మైళ్ల లోపలికి చొచ్చుకుపోయిందని నాటి నమోదులు చెబుతాయి. చనిపోయినవారు సుమారు 30 వేల మంది. గాలివాన రెండు రోజుల ముందు నుంచీ సముద్రం మీద తిరుగుతూనే ఉండి ఉంటుంది, కాని ఆ కబురు ఒడ్డుకు చేర్చే దారి ఏదీ లేదు. రేవులో లంగరు వేసిన ఓడకూ, ఊళ్లో మంచం మీద పడుకున్న మనిషికీ ఆ రాత్రి తేడా లేకపోయింది. మరుసటి ఏడాది ఇంగ్లీషువారు బందరు నుంచి తమ సైన్యాన్ని ఎత్తేశారు. రేవుగా ఊరి ప్రాభవం అప్పటికే తగ్గుతోంది, ఉప్పెన ఆ తగ్గుదలను తిరిగిరానిదిగా చేసింది.

అదే 1864 అక్టోబర్ 5న కలకత్తాను మరో తుఫాను ముంచెత్తింది. నెల తిరక్కుండా వచ్చిన ఈ రెండు విపత్తులూ ప్రభుత్వాన్ని కదిలించాయి. 1865లో కలకత్తా రేవులో తుఫాను హెచ్చరికల ఏర్పాటు మొదలైంది. 1875లో భారత వాతావరణ శాఖ ఏర్పడి, హెన్రీ బ్లాన్‌ఫర్డ్ దాని తొలి అధిపతి అయ్యాడు. తంతి తీగలు రేవు నుంచి రేవుకు కబురు మోసేవి. 1898 ఏప్రిల్ 1 నుంచి దేశంలోని రేవులన్నిటికీ ఒకే రకమైన ప్రమాద సూచికలు అమల్లోకి వచ్చాయి. కొద్ది మార్పులతో నేటికీ అవే నడుస్తున్నాయి. పగలు స్తంభం మీద శంకువులు, స్తూపాలు ఎగరేస్తారు. రాత్రి ఎర్రదీపాలు, తెల్లదీపాలు వరసలో వెలిగిస్తారు. ‘బందరులో మూడో నంబరు’ అంటే ఈదురుగాలుల హెచ్చరిక అనీ, ఎనిమిది, తొమ్మిది, పది నంబర్లు మహా ప్రమాదమనీ తీరవాసులు పత్రికలు చదివీ వినీ నేర్చుకున్నారు. చివరిదైన పదకొండో నంబరు అన్నిటికంటే ఆలోచింపజేస్తుంది. హెచ్చరిక కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయని దాని అర్థం. ఇక కబురు రాదు, ఎవరి జాగ్రత్త వారిదే. కబురు రాకపోవడాన్నే కబురుగా మార్చిన ఆ ఏర్పాటు ఓడ మీద అరగంటకోసారి మోగే గంట వెనకున్న ఆలోచనకు దగ్గరగా ఉంటుంది.

ఈ పద్ధతిలో ఒక లోటు మొదటి నుంచీ ఉంది. దీపం వెలుగుతుంది గాని పిలవదు. చూసేవాడికే అది హెచ్చరిక. రేవు అధికారి, ఓడ కాపలావాడు స్తంభం వైపు చూస్తారు. మొగలో పడవ కట్టుకుని పడుకున్న పల్లెకారు చూడడు. ఊళ్లలో ఆ ఖాళీని పూరించింది దండోరా. తప్పెట మోగిస్తూ వీధి వీధీ తిరిగే మనిషి గొంతు నిద్రలోకి కూడా చొరబడగలదు. కాని అది నడక వేగంతో వెళ్తుంది, గాలివాన మొదలయ్యాక వినపడదు.

20వ శతాబ్దంలో రేడియో ఆ దూరాన్ని దాటింది. 1948 డిసెంబర్ 1న విజయవాడ ఆకాశవాణి కేంద్రం మొదలైంది, ట్రాన్సిస్టర్లు వచ్చాక వార్త పడవల్లోకి కూడా చేరింది. 1974లో విశాఖపట్నంలో తుఫాను హెచ్చరిక కేంద్రం ఏర్పడింది. ఇన్ని ఉండి కూడా 1977 నవంబర్ 19న దివిసీమలో సుమారు పదివేల మంది ప్రాణాలు పోయాయి. తుఫాను చీరాల దగ్గర తీరం దాటింది. దానికి కుడివైపున పడిన దివిసీమ మీదికి 5 మీటర్లకు పైగా ఉప్పెన వచ్చింది. పాలకాయతిప్ప, సొర్లగొంది వంటి ఊళ్ల పేర్లు ఆ రోజుతోనే రాష్ట్రమంతటికీ తెలిశాయి. అది అర్ధరాత్రి వచ్చిన విపత్తు కాదు. జనం మేలుకునే ఉన్నారు, హెచ్చరికలూ వెలువడ్డాయి. అవి చాలా పొడవైన తీరానికి కలిపి చెప్పినవి. ఆ ముప్పు తమ ఊరికేనని నమ్మించే మాట వాటిలో లేదు. అంతకు ముందు ఎన్నోసార్లు హెచ్చరిక వచ్చి, గాలి మరోచోటికి మళ్లిపోయిన అనుభవం అందరికీ ఉంది. 1864 ఉప్పెనను చూసినవారు ఎవరూ బతికి లేరు. చెవిన పడినా కదిలించలేని అలారంతో ఎంత నష్టమో దివిసీమ కంటే గట్టిగా చెప్పే ఉదాహరణ తెలుగు నేల మీద లేదు.

ఆ తర్వాత ఏర్పాట్లు రెండు దారుల్లో సాగాయి. ఒకటి తుఫాను రక్షణ భవనాలు: హెచ్చరిక విన్నవాడికి పరుగెత్తి చేరడానికి ఒక చోటు. రెండోది అచ్చంగా మేలుకొలుపు యంత్రమే. 1983లో అంతరిక్షంలోకి వెళ్లిన ఇన్‌శాట్-1బి ఉపగ్రహం ఆధారంగా 1980ల మధ్యలో తీరంలో విపత్తు హెచ్చరిక రిసీవర్లు నెలకొల్పారు. వీటి పనితనం ముచ్చటైనది. ఒక్కో ప్రాంతపు రిసీవర్లకు ఒక్కో సంకేతం ఉండేది. మద్రాసు కేంద్రం ఏ ప్రాంతపు సంకేతం పంపితే ఆ ప్రాంతపు యంత్రాలే మేలుకునేవి, మిగతావి మౌనంగా ఉండేవి. ముందు సైరన్ మోగేది. దానికి ఎవరో ఒకరు పరుగెత్తుకొచ్చాక, స్థానిక భాషలో మనిషి గొంతుతో హెచ్చరిక వినిపించేది. పొడవైన తీరమంతటినీ ఒకేసారి భయపెట్టే పాత లోపానికి ఇది సూటి జవాబు. తీగలు తెగినా, స్తంభాలు కూలినా ఆకాశం నుంచి వచ్చే సంకేతం ఆగేది కాదు. కాకపోతే యంత్రం ఉండేది పోలీస్ స్టేషన్, రెవెన్యూ కార్యాలయం వంటి చోట్ల. అక్కడి నుంచి ఊళ్లోకి మళ్లీ జీపు, మైకు, దండోరాలే దిక్కు. 1990 మే 9న కృష్ణా మొగకు దగ్గరగా తీరం దాటిన తుఫాను 1977 నాటిదానికి తీసిపోనిది. లక్షల మందిని ముందుగానే తరలించడం వల్ల మృతుల సంఖ్య వెయ్యి లోపే ఆగింది. ఆ నష్టం కూడా చిన్నది కాదు, కాని 13 ఏళ్లలో వచ్చిన మార్పు చాలా పెద్దది.

తీరానికి ఇంత జరిగినా, ఒంటరిగా లంగరు వేసిన పడవకు సొంత అలారం మరో పదేళ్ల తర్వాతే అందింది. జీపీఎస్ 1995 నాటికే పూర్తిగా పనిచేస్తోంది గాని, పౌరులకు అందే సంకేతంలో అమెరికా కావాలనే పొరపాటు కలిపేది. చూపించే స్థానం 100 మీటర్ల దాకా తేడా రావచ్చు. 50 మీటర్ల వలయంలో తిరిగే పడవకు ఆ లెక్క ఎందుకూ కొరగాదు. 2000 మే నెలలో ఆ కల్తీ తీసేశాక తేడా కొద్ది మీటర్లకు తగ్గింది. అప్పటి నుంచి లంగరు అలారం నిజంగా పనికొచ్చే పరికరమైంది. లంగరు దించినచోటును మధ్యబిందువుగా పెట్టి, మోకు పొడవుకు కొంత కలుపుకుని చుట్టూ వలయం గీస్తారు. పడవ ఆ గీత దాటితే కూత వేస్తుంది.

వలయం ఎంత పెద్దదన్నది చిన్న విషయంలా కనిపించినా, ఈ విద్యంతా అందులోనే ఉంది. కృష్ణా మొగల్లో పోటూ పాటూ మారినప్పుడల్లా పడవ లంగరు చుట్టూ సగం తిరిగి అవతలి వైపుకు చేరుతుంది. లంగరు మీద పెట్టాల్సిన మధ్యబిందువును పడవ ఆగినచోట పెడితే, లంగరు కదలకపోయినా తొలి పోటుకే అలారం మోగుతుంది. రెండు రాత్రులు అలా మోగితే మూడో రాత్రి దాన్ని ఆపేసి పడుకుంటారు. దివిసీమలో జరిగింది ఎంతో పెద్ద స్థాయిలో ఇదే. వలయం మరీ పెద్దదైతే పడవ మెరక ఎక్కాక మోగుతుంది. పోటు మట్టాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి. పాటు వేళ 3 మీటర్ల లోతులో చాలినంత మోకు, నీరు మీటరున్నర పెరిగాక చాలదు.

ఇక మోగిన అలారానికి మనిషి లేస్తాడా అన్న ప్రశ్న. దీని మీద మంటల అలారాల గురించి జరిగిన పరిశోధనలు చాలా చెప్పాయి. డొరొతీ బ్రక్, ఇయాన్ థామస్ చేసిన ప్రయోగాల్లో, మామూలు పొగ అలారాల కీచు శబ్దం, అంటే సుమారు 3100 హెర్ట్జ్ ధ్వని, గాఢనిద్రలో ఉన్నవారిని, ముఖ్యంగా పిల్లలను, చెవుడున్న పెద్దలను, మద్యం తాగినవారిని లేపడంలో వెనకబడింది. 520 హెర్ట్జ్ దగ్గరి బొంగురు ధ్వని చాలా మెరుగ్గా లేపింది. వాటి ఫలితంగా అమెరికా అగ్నిమాపక ప్రమాణాల్లో పడకగదుల అలారాలకు ఆ బొంగురు ధ్వనినే నిర్దేశించారు. తలగడ దగ్గర కనీసం 75 డెసిబెల్స్ వినిపించాలన్నది అందులోని మరో కొలత. ఏళ్ల తరబడి ఇంజన్ పక్కన పనిచేసి వినికిడి మందగించిన బోటు మనిషికి ఈ రెండు కొలతలూ ప్రాణావసరం. ఫోన్ స్పీకర్ చేసే సన్నని కూత పడవలో గాలి హోరుకు, తాళ్ల కొట్టుడుకు, అలల చప్పుడుకు లొంగిపోతుంది. ఫోన్ మరో విధంగా కూడా మోసం చేయవచ్చు. బ్యాటరీ ఆదా చేసే ఏర్పాటు అర్ధరాత్రి యాప్‌ను దానంతటదే ఆపేస్తుంది, సైలెంట్‌లో పెట్టిన సంగతి గుర్తుండదు, ఛార్జింగ్ అయిపోతుంది. అందుకే బొంగురు శబ్దం చేసే విడి బజరును పడుకునేచోట తల దగ్గర బిగించి, తీగతో బోటు బ్యాటరీకే కలపడం మేలైన పద్ధతి. లంగరు దించిన సాయంత్రమే వలయాన్ని కావాలని చిన్నది చేసి అలారం మోగించి చూస్తే, అది నిద్రలో వినపడుతుందో లేదో అప్పుడే తేలుతుంది.

గిలకలదిండి, నాగాయలంక, నిజాంపట్నం బోట్లకు ఇప్పుడు ఒడ్డు నుంచి వచ్చే హెచ్చరికలు కూడా తోడయ్యాయి. 2004 డిసెంబర్ 26 సునామీ ఈ తీరాన్నీ తాకింది. 2007లో హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్‌లో సునామీ ముందస్తు హెచ్చరిక కేంద్రం మొదలైంది. ఫోన్ సిగ్నల్ అందని నడిసముద్రంలో కూడా గగన్ ఉపగ్రహ వ్యవస్థ ద్వారా హెచ్చరిక అందుకుని, దాన్ని జాలరి ఫోన్‌కు చేరవేసే ‘జెమిని’ పరికరాన్ని 2019లో విడుదల చేశారు. ఒడ్డున ఉన్నవారికి సెల్ టవర్ల ద్వారా ఒకేసారి అన్ని ఫోన్లనూ మోగించే పద్ధతిని 2023లో దేశమంతటా పరీక్షించారు. ఆ పరీక్షల్లో జేబుల్లోంచి వచ్చిన వింత శబ్దానికి జనం ఉలిక్కిపడ్డారు. ఆ ఉలికిపాటే దాని పని.

2024 సెప్టెంబర్ మొదట్లో ముప్పు సముద్రం వైపు నుంచి కాక నది వైపు నుంచి వచ్చింది. బుడమేరు వాగుకు గండ్లు పడి విజయవాడలో పెద్ద భాగం మునిగింది. ప్రకాశం బ్యారేజీ వద్ద కృష్ణ 11.43 లక్షల క్యూసెక్కులతో పారింది. 1957లో బ్యారేజీ కట్టినప్పటి నుంచీ ఇంత ప్రవాహం ఎన్నడూ లేదు. ఎగువన కట్టి ఉన్న బరువైన ఇనుప పడవలు తాళ్లు తెంచుకుని వచ్చి బ్యారేజీని గుద్దాయి. 67, 69, 70 నంబర్ల గేట్ల దగ్గర కౌంటర్ వెయిట్లు దెబ్బతిన్నాయి. గేట్ల నిపుణుడు కన్నయ్యనాయుడి పర్యవేక్షణలో వాటి స్థానంలో కొత్తవి అమర్చారు. ఇరుక్కుపోయిన పడవలను బయటికి తీయడానికి మాత్రం రోజుల తరబడి తంటాలు పడాల్సి వచ్చింది.

పడవ తాళ్లు తెగడానికి కారణం లెక్కల్లో స్పష్టంగా కనిపిస్తుంది. నీటి వేగం రెట్టింపైతే పడవ మీద లాగుడు నాలుగు రెట్లవుతుంది, మూడింతలైతే తొమ్మిది రెట్లు. మామూలు రోజుల్లో పుష్కలంగా సరిపోయే మోకు వరద రోజున చాలకపోవచ్చు. మట్టం మీటర్ల చొప్పున పెరిగితే గట్టున పాతిన గుంజ నీటిలో మునుగుతుంది, పొట్టిగా కట్టిన తాడు నిలువుగా బిగిసి గుంజనే పెకలిస్తుంది. వరద రాక ఎగువ ప్రాజెక్టుల నుంచి ముందుగానే తెలుస్తుంది కాబట్టి తాళ్లు పెంచుకోవడానికి, రెండో లంగరు దించడానికి, పడవను వాగులోకి మళ్లించడానికి సాధారణంగా కొంత వ్యవధి ఉంటుంది.

కట్టేసి వదిలిన ఖాళీ పడవలో మేలుకునేవాడే ఉండడు కనుక, ఇంతవరకూ చెప్పుకున్న అలారాలేవీ దానికి చాలవు. దానికి కావలసింది సిమ్ కార్డుతో పనిచేసే స్థాన పరికరం. లారీలకు, అద్దె కార్లకు ఇప్పటికే బిగిస్తున్నది అదే. పడవ వలయం దాటగానే ఒడ్డున ఉన్న యజమాని ఫోన్ మోగాలి. వరద వేళ కరెంటు పోయి టవర్లు మూగబోవచ్చు గనుక, పరికరం నుంచి నియమిత వేళకు రావాల్సిన సంకేతం రాకపోయినా ఫోన్ మోగేలా ఏర్పాటు చేసుకోవాలి. ఆ ఫోన్ ఒకరి దగ్గరే ఉంటే అతను నిద్రపోవచ్చు. రేవులోని పడవలన్నిటికీ కలిపి వంతులవారీగా ఇద్దరిని పెట్టుకుంటే, బ్యారేజీ ఎగువన నీరు పెరిగే రాత్రుల్లో పాతకాలపు ఓడ కాపలా మళ్లీ గట్టు మీదికి వచ్చినట్టే.